ఫిల్టన్ దాడిలో ఎన్ని జర్మన్ బాంబర్లు కూలాయి? ఆ లెక్క మీరే తేల్చుకోవడం ఎలా?

ముందుగా మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మీరు బ్రిస్టల్‌లో ఉంటున్నారు. 1940 సెప్టెంబర్ 25న అక్కడి ఫిల్టన్ విమానాల ఫ్యాక్టరీ మీద జర్మన్లు చేసిన దాడి గురించి చదువుతుంటే కూలిన బాంబర్ల సంఖ్య ఒకచోట నాలుగు అని, ఇంకోచోట ఐదు అని, ఒక పాత పేపర్ కటింగ్‌లో అంతకంటే చాలా ఎక్కువ అని కనిపించింది. ఆ రోజు పోరాడినవాళ్లలో 'హైదరాబాద్ స్క్వాడ్రన్' కూడా ఉందని విని ఆసక్తి ఇంకా పెరిగింది. ఏది నిజం, సొంతంగా ఎలా తేల్చుకోవాలి అని అడిగారు. తర్వాత రాత్రి దాడుల వైపు కూడా వెళ్తానన్నారు.

సూటిగా చెప్పాలంటే, ఆ రోజు ఇంగ్లండ్ నేల మీద పడిన హైంకెల్ 111 బాంబర్లు నాలుగు. బ్రిస్టల్‌కు పడమరన ఫెయిలాండ్ దగ్గర ఒకటి, బాత్‌కూ ఫ్రోమ్‌కూ మధ్య వుల్వర్టన్‌లో ఒకటి, పూల్ ఊళ్లో బ్రాంక్‌సమ్ పార్క్ ఇళ్ల మధ్య ఒకటి, డోర్సెట్ తీరంలో స్టడ్‌లండ్ దగ్గర ఒకటి. నాలుగూ కేజీ 55 అనే బాంబర్ దళానివే. మీకు కనిపించిన మిగతా అంకెలన్నీ అబద్ధాలని కాదు, వాటిలో చాలావరకు వేరే వేరే వాటిని లెక్కపెడుతున్నాయి. కాబట్టి 'ఎన్ని' అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. 'ఏ విమానం, ఎక్కడ పడింది, అందులో ఎవరున్నారు' అని ఒక్కొక్క విమానానికీ విడిగా ఒక ఫైలు తెరవండి. చివర్లో ఫైళ్లు లెక్కపెడితే సంఖ్య అదే వస్తుంది. సంఖ్యతో మొదలుపెట్టినవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉంటారు, చూస్తూనే ఉన్నాను.

ఆ రోజు ఏం జరిగిందో కాస్త చెప్పుకుందాం, లేకపోతే కాగితాలు చేతికొచ్చినా తలాతోకా అర్థం కాదు. కేజీ 55 మూడు గ్రూపులూ పారిస్ చుట్టుపక్కల డ్రో, షార్త్ర్, విల్లకూబ్లే ఎయిర్‌ఫీల్డుల్లో ఉండేవి. అక్కణ్ణుంచి 58 హైంకెల్‌లు, వాటికి కాపలాగా మెస్సర్‌ష్మిట్ 110 ఫైటర్లు ఇంగ్లిష్ చానల్ దాటి డోర్సెట్ తీరం మీదుగా లోపలికి వచ్చాయి. బ్రిటిష్ కంట్రోలర్లు వీటి లక్ష్యం యోవిల్‌లోని వెస్ట్‌లండ్ ఫ్యాక్టరీ అనుకుని ఫైటర్లను అటు పంపారు. బాంబర్లు యోవిల్ దాటి నేరుగా బ్రిస్టల్ వైపు వెళ్లిపోయాయి. పదకొండు ముప్పావు ప్రాంతంలో ఫిల్టన్ మీద బాంబులు పడ్డాయి. షెల్టర్లలో తలదాచుకున్నవాళ్ల మీద కూడా పడ్డాయి. ఫ్యాక్టరీ పనివాళ్లే 90 మందికి పైగా చనిపోయారు. విమానాల లెక్కలో మునిగిపోయి ఈ మాట మర్చిపోయేవాళ్లంటే నాకు నచ్చదు, అందుకే ముందే చెప్తున్నాను.

ఇప్పుడు మ్యాప్ తీసి ఆ నాలుగు చోట్లూ గుర్తు పెట్టండి. ఫెయిలాండ్ ఒక్కటే బ్రిస్టల్‌ను ఆనుకుని ఉంది. అది యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ గన్నులకు చిక్కిన విమానం. మిగిలిన మూడూ బ్రిస్టల్ నుంచి దక్షిణంగా సముద్రం వైపు గీత గీసినట్టు వరసలో ఉన్నాయి. అంటే ఫైటర్లు అసలు పని చేసింది బాంబులు పడిన తర్వాత, ఇంటిదారి పట్టిన బాంబర్లను వెంటాడుతూ. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఏ పైలట్ రిపోర్టు ఏ విమానానికి అతుకుతుందో సగం తేలిపోతుంది. ఎవరైనా ఫిల్టన్ పైనే ఫలానా హైంకెల్‌ను ఫైటర్లు కూల్చాయని రాస్తే ఆధారం అడగండి.

ఇక అంకెలు ఎందుకు పెరుగుతాయి? ఫైటర్ పైలట్లు అబద్ధాలకోరులేం కాదు. ఒక బాంబర్ ఇంజన్ నుంచి పొగ వస్తూ మబ్బుల్లోకి దిగిపోతుంటే, మూడు వైపుల నుంచి ముగ్గురు దాన్ని కాల్చి ఉంటారు, ముగ్గురూ ఒకరినొకరు చూసి ఉండరు, ముగ్గురూ దిగాక నిజాయితీగా 'ఒకటి కూల్చాను' అని రాస్తారు. పైగా కింద గన్నర్లు కూడా అదే విమానాన్ని తమ ఖాతాలో వేసుకుంటారు. దీనికి పెద్ద ఉదాహరణ ఆ దాడికి పది రోజుల ముందే ఉంది. 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం తర్వాత జర్మన్ కాగితాలు చూస్తే అసలు నష్టం 60కి కాస్త అటూ ఇటూ. ఆ రోజు లండన్ విక్టోరియా స్టేషన్ దగ్గర పడిన డోర్నియర్ బాంబర్‌ను 504 స్క్వాడ్రన్ పైలట్ రే హోమ్స్ తన హరికేన్ ఫైటర్‌తో గుద్దాడన్నది అందరికీ తెలిసిన కథ, కానీ అంతకుముందే ఆ డోర్నియర్‌ను ఇంకా చాలామంది కాల్చారు. పేపర్ కటింగ్‌లో మీకు కనిపించిన అంకె ఈ జాతిదే. అది ఆ సాయంత్రానికి వచ్చిన క్లెయిముల, అంటే 'మేం కూల్చాం' అన్న మాటల మొత్తం. దాన్ని పారేయకండి, 'క్లెయిములు' అని పేరు పెట్టి వేరే కాలమ్‌లో ఉంచుకోండి. ఇంకో మాట, అప్పటి పేపర్లలో సెన్సార్ వల్ల ఊరి పేరు ఉండకపోవచ్చు. 'పశ్చిమ ప్రాంతంలో ఒక పట్టణం' అని ఉంటే అది బ్రిస్టలో కాదో తేదీని బట్టి మీరే తేల్చుకోవాలి.

బ్రిటిష్ వైపు కాగితాలు చాలావరకు లండన్ శివార్లలో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రీడర్ టికెట్ ఉచితం, బ్రిస్టల్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చు. మీకు ముందు కావాల్సినవి రెండు సిరీస్‌లు. ఎయిర్ 27 అంటే స్క్వాడ్రన్ల ఆపరేషన్స్ రికార్డ్ బుక్స్, ఎయిర్ 50 అంటే పైలట్ల కాంబాట్ రిపోర్టులు. ఈ రెండూ ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కాబట్టి ఇంట్లో కూర్చునే మొదలుపెట్టండి. ఆ రోజుకు మీకు కావాల్సిన స్క్వాడ్రన్లు 152, 238, 601, 609. నాలుగూ బ్రిటిష్ ఫైటర్ దళంలోని పది నంబర్ గ్రూపువి, ఆ గ్రూపు హెడ్‌క్వార్టర్స్ బాత్ దగ్గర బాక్స్ ఊళ్లోని రడ్లో మేనర్‌లో ఉండేది.

కాంబాట్ రిపోర్టు ఒక పేజీ ఫారం. అందులో అక్షరం అక్షరం చదవాల్సిన గడులు కొన్ని ఉంటాయి: దాడి చేసిన సమయం, చోటు, ఎత్తు, శత్రు విమానం రకం, 'కూలింది' 'కూలి ఉండొచ్చు' 'దెబ్బతింది' అన్న మూడు వర్గాలు, కాల్పులు మొదలుపెట్టిన దూరం, ఎన్ని సెకన్లు కాల్చారు. కింద పైలట్ సొంత మాటల్లో నాలుగైదు వాక్యాలు. అందరూ ఆ కింది కథ దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే అది చదవడానికి బాగుంటుంది. నాకైతే పై గడులే ముఖ్యం. ఒకే సమయం, ఒకే చోటు, ఒకే ఎత్తు ఇద్దరు పైలట్ల ఫారాల్లో కనిపిస్తే వాళ్లిద్దరూ ఒకే విమానం వెనక పడ్డారని అనుమానించాలి. అయితే చోటు గడిని పూర్తిగా నమ్మొద్దు. వేల అడుగుల ఎత్తులో, మబ్బుల మధ్య, ప్రాణాల మీదికి వచ్చిన పరిస్థితిలో రాసుకున్న చోటు అది. పదీ ఇరవై మైళ్లు తేడా రావడం మామూలే.

సమయం విషయంలో ఒక చిక్కుంది, కొత్తవాళ్లంతా ఇక్కడ బోల్తా పడతారు. 1940 సెప్టెంబర్‌లో బ్రిటన్ గడియారాలు గ్రీనిచ్ కంటే ఒక గంట ముందుండేవి, జర్మన్ల గడియారాలు రెండు గంటలు ముందు. కాబట్టి బ్రిస్టల్‌లో 11:45 అంటే జర్మన్ కాగితంలో 12:45. పైగా కొన్ని బ్రిటిష్ రికార్డులు గ్రీనిచ్ టైమ్‌లోనే రాస్తారు. 1941 మే నుంచి బ్రిటన్ వేసవిలో రెండు గంటలు ముందుకు జరిగింది, అప్పుడు రెండు దేశాల టైమూ ఒకటైపోయింది. ప్రతి సమయం పక్కనా అది ఏ టైమో రాసుకోండి. లేకపోతే ఒకే విమానం మీ షీట్‌లో రెండు వరసలై కూర్చుంటుంది.

మీ హైదరాబాద్ స్క్వాడ్రన్ సంగతికి వద్దాం. హైదరాబాద్ పేరున్న రాయల్ ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రన్లు ఒకటి కాదు, మూడు ఉన్నాయి: 110, 152, 253. నిజాం ఇచ్చిన విరాళాల వల్ల వచ్చిన పేర్లవి. 110 బాంబర్ స్క్వాడ్రన్, దానికి ఆ పేరు మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. 253 హరికేన్ స్క్వాడ్రన్, ఆ సెప్టెంబర్‌లో లండన్ దక్షిణాన కెన్లీలో ఉంది. ఫిల్టన్ దాడిలో ఉన్నది 152, డోర్సెట్‌లోని వామ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్ ఫైటర్లు నడిపినవాళ్లు. వీళ్ల బ్యాడ్జ్ మీద నిజాం దస్తార్ (తలపాగా) బొమ్మ ఉంటుంది. అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ వాళ్లిచ్చిన 'నమ్మకమైన మిత్రుడు' అన్న బిరుదే స్క్వాడ్రన్ నినాదం అయింది. హైదరాబాద్ పేరు చూసి పైలట్లలో మనవాళ్లున్నారేమో అని వెతుకుతూ టైమ్ పోగొట్టుకోకండి. మనవైపు నుంచి వెళ్లినవి డబ్బు, పేరు.

ఆ డబ్బు మన జిల్లాల రైతుల శిస్తుల్లోంచి కూడా వెళ్లిందన్నది వేరే చర్చ. అది చిన్న చర్చ కాదు, ఎప్పుడైనా తీరిగ్గా రాస్తాను.

వుల్వర్టన్ హైంకెల్ కథ ఈ స్క్వాడ్రన్‌దే. సార్జెంట్ కెన్నెత్ హాలండ్ అనే ఇరవయ్యేళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు 152లో పైలట్. హైంకెల్‌ను దెబ్బ తీసి దాని దగ్గరగా వెళ్లినప్పుడు అందులోంచి వచ్చిన కాల్పులకు చనిపోయాడు. స్పిట్‌ఫైరూ హైంకెలూ రెండూ ఒకే ఊళ్లో కూలాయి. వుల్వర్టన్‌లో అతని పేరుతో స్మారకం ఉంది, మీకు కారులో వెళ్లేంత దగ్గరే, తప్పకుండా చూసి రండి. ఆ రోజే 152కు చెందిన మరో సార్జెంట్ పైలట్ కూడా చనిపోయాడు. జర్మన్ నష్టాల మీద పరిశోధన చేస్తున్నా సరే, బ్రిటిష్ నష్టాలను పక్కనే పెట్టుకోవాలి. ఎవరు ఎవర్ని కాల్చారో తెలియాలంటే రెండు వైపులా పడిన విమానాల సమయాలు, చోట్లు ఒకే మ్యాప్ మీద ఉండాలి.

ఇప్పుడు విమానం గుర్తింపు. జర్మన్ బాంబర్ పక్కన పెద్ద నలుపు శిలువకు అటు రెండు, ఇటు రెండు అక్షరాలుంటాయి. వుల్వర్టన్‌లో పడింది జి1+ఈపీ. ముందు జి1 అంటే కేజీ 55. శిలువ తర్వాతి మొదటి అక్షరం ఆ విమానానిది. చివరి అక్షరం స్టాఫెల్, అంటే మన లెక్కలో చిన్న స్క్వాడ్రన్. హెచ్, కె, ఎల్ అంటే 1, 2, 3. ఎమ్, ఎన్, పి అంటే 4, 5, 6. ఆర్, ఎస్, టి అంటే 7, 8, 9. కాబట్టి ఈపీ అంటే ఆరో స్టాఫెల్. బ్రాంక్‌సమ్ పార్క్‌లో పడింది జి1+ఎల్ఆర్, ఏడో స్టాఫెల్. స్టడ్‌లండ్‌ది జి1+బీహెచ్, ఒకటో స్టాఫెల్. ఈ పద్ధతి వచ్చేస్తే ఎవరో టైపు చేసేటప్పుడు చేసిన తప్పులు మీకే దొరికిపోతాయి. కోడ్ చివర ఆర్ ఉండి పక్కన మూడో స్టాఫెల్ అని రాసి ఉంటే రెంటిలో ఒకటి తప్పు.

కూలిన ప్రతి జర్మన్ విమానం దగ్గరికీ బ్రిటిష్ ఎయిర్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్లు వెళ్లి చూసేవాళ్లు. వాళ్ల విభాగం పేరు ఏఐ1(జి). వాళ్లు రాసిన రిపోర్టులో కూలిన చోటు, సమయం, కోడ్ అక్షరాలు, ఇంజన్లు, ఆయుధాలు, కవచం పలకలు, సిబ్బంది గతి అన్నీ క్లుప్తంగా ఉంటాయి. నా దృష్టిలో మొత్తం పనిలో ఇంతకంటే విలువైన కాగితం లేదు, ఎందుకంటే అది క్లెయిమ్ కాదు, ఎదురుగా ఉన్న శకలాన్ని చూసి రాసింది. దీనికి జంటగా ఏఐ1(కె) రిపోర్టులు ఉంటాయి, అవి ఖైదీలను ప్రశ్నించి రాసినవి. అప్పట్లో పట్టుబడ్డ జర్మన్ వైమానికులను ఉత్తర లండన్‌లో కాక్‌ఫాస్టర్స్ దగ్గరి ట్రెంట్ పార్క్‌కు తీసుకెళ్లేవాళ్లు, గదుల్లో రహస్యంగా మైకులు పెట్టి వాళ్ల మాటలు వినేవాళ్లు. ఆ సంభాషణల కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 208 సిరీస్‌లో ఉన్నాయి. అధికారి ఎదుట నోరు మెదపని మనిషి గదిలో తోటివాడితో 'మనవాళ్లలో ఫలానా వాడు కూడా పోయాడు' అనేవాడు. పేర్ల స్పెల్లింగ్ మాత్రం విన్నది విన్నట్టు రాసుకున్నారు, కాబట్టి ఒకే ఇంటిపేరును మూడు నాలుగు రకాలుగా వెతకాలి, ముఖ్యంగా చుక్కల అచ్చులున్న ముల్లర్ లాంటి పేర్లు.

శకలం ముక్క ఎవరి దగ్గరైనా ఉంటే దాని మీద చిన్న అల్యూమినియం ప్లేట్ ఉందేమో చూడండి. హైంకెల్ 111 భాగాల నంబర్లు తరచుగా 111తో మొదలవుతాయి. అది ఆ భాగం నంబర్ మాత్రమే, విమానం వెర్క్‌నుమ్మర్ (ఫ్యాక్టరీ వేసిన సీరియల్ నంబర్) కాదు. ఈ రెండింటినీ కలిపేసి 'ఇదిగో సీరియల్ నంబర్' అని ప్రకటించేవాళ్లు కోకొల్లలు. ఇంజన్ దొరికితే ఇంకా మంచిది. హైంకెల్ 111 పి రకానికి డైమ్లర్-బెంజ్ ఇంజన్లు, హెచ్ రకానికి యుంకర్స్ ఇంజన్లు. కేజీ 55 దగ్గర రెండు రకాలూ ఉండేవి, కాబట్టి ఒక్క ఇంజన్‌తో సగం అనుమానాలు తీరిపోతాయి.

అయితే ఒక హెచ్చరిక. కూలిన చోటుకు మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెళ్లకండి. 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం ప్రకారం బ్రిటన్‌లో కూలిన ఏ సైనిక విమానాన్నయినా, జర్మన్‌దైనా సరే, తవ్వాలంటే రక్షణ శాఖ లైసెన్స్ కావాలి. అక్కడ ఇంకా మనుషుల ఎముకలు ఉండొచ్చు, పేలని బాంబులు ఉండొచ్చు. పొలం యజమాని సరేనన్నా అది చాలదు.

జర్మన్ వైపు అన్నింటికీ పునాది వాళ్ల వైమానిక దళంలో సరఫరాలు చూసే క్వార్టర్‌మాస్టర్ జనరల్ నష్టాల జాబితా. ప్రతి యూనిట్ తాను పోగొట్టుకున్న విమానాలను పైకి రిపోర్ట్ చేస్తుంది, దాన్ని బట్టే కొత్త విమానాలు వస్తాయి. నష్టం దాచుకుంటే కొత్తది రాదు, అందుకే ప్రచారం కోసం రేడియోలో చెప్పిన అంకెలతో దీనికి పోలిక లేదు, చాలావరకు నమ్మొచ్చు. ఒక వరసలో యూనిట్, చోటు, కారణం, విమానం రకం, వెర్క్‌నుమ్మర్, నష్టం శాతం, తర్వాత సిబ్బంది పేర్లు ఉంటాయి. పేరు పక్కన ఎఫ్ అంటే పైలట్, బి అంటే అబ్జర్వర్, బిఎఫ్ అంటే వైర్‌లెస్ ఆపరేటర్, బిఎమ్ అంటే ఫ్లైట్ మెకానిక్, బిఎస్ అంటే గన్నర్. హైంకెల్‌లో సాధారణంగా ఐదుగురు. జర్మన్ బాంబర్‌లో కెప్టెన్ పైలటే కానక్కర్లేదు, చాలాసార్లు అబ్జర్వర్ అయ్యుంటాడు. అందుకే ఒకే విమానాన్ని ఇద్దరు రచయితలు రెండు పేర్లతో పిలుస్తారు, చదివేవాళ్లు రెండు విమానాలనుకుంటారు.

శాతం కాలమ్ గురించి మీ ప్రశ్నకు నేరుగా సంబంధం ఉంది. 100 శాతం అంటే శత్రువు నేల మీదో సముద్రంలోనో పూర్తిగా పోయింది. 60 దాటితే ఇక బాగుచేయరు, తుక్కుకే. అంతకు తక్కువైతే రిపేరు చేసి మళ్లీ ఎగరేస్తారు. ఇప్పుడు ఒక హైంకెల్ తూట్లు పడి ఫ్రాన్స్ దాకా ఈడ్చుకెళ్లి అక్కడ చక్రాలు విరిగి కూలబడిందనుకోండి. ఇంగ్లండ్‌లో తిరిగే మనిషికి అది లెక్కలో లేదు, జర్మన్ జాబితాలో మాత్రం ఉంది. నాలుగు, ఐదు అన్న తేడాల్లో సింహభాగం ఇక్కడే పుడుతుంది. ఎస్కార్ట్‌గా వచ్చిన మెస్సర్‌ష్మిట్ 110లను కలిపారా లేదా అన్నది మిగతా భాగం. మీ షీట్‌లో కనీసం నాలుగు కాలమ్‌లు విడిగా ఉండాలి: ఇంగ్లండ్ నేల మీద పడ్డ బాంబర్లు, సముద్రంలో పోయినవి, తిరిగెళ్లి తుక్కయినవి, దెబ్బతిని బతికినవి. ఎస్కార్ట్‌లకు వేరే పేజీ.

ఆ జాబితాలో చోటు దగ్గర 'బ్రిస్టల్' అనో 'ఇంగ్లండ్' అనో ఉంటే అది కూలిన చోటు అనుకోవద్దు. విమానం ఎక్కడ పడిందో జర్మన్లకు తెలియదు, వాళ్లు రాసింది ఎక్కడికి పంపారన్నది. అలాగే ఆ ఒక్క రోజు పేజీ చూసి ఆపేయకండి. ఆలస్యంగా వచ్చిన రిపోర్టులు, సవరణలు తర్వాతి వారాల్లో చేరుస్తూ పోయారు, అక్టోబర్ పేజీలు కూడా తిరగేయాలి. యుద్ధం తర్వాత ఈ కాగితాలు బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కాయి కాబట్టి కాపీల కోసం లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంను అడగండి. జర్మనీలో అయితే ఫ్రైబుర్గ్‌లోని సైనిక ఆర్కైవ్. 1943 చివరిదాకా ఇవి చాలావరకు ఉన్నాయి. 1944 జాబితాలు చాలామటుకు దొరకవు, అందుకే 1944 మొదట్లో లండన్ మీద జరిగిన 'స్టైన్‌బాక్' దాడుల మీద పనిచేసేవాళ్లకు పేరుపేరునా సిబ్బంది నష్టాల రిపోర్టులే దిక్కు. మీరు 1940 ఎంచుకున్నారు, ఆ విషయంలో అదృష్టవంతులు.

సిబ్బంది గురించి మూడు దారులున్నాయి. జర్మన్ యుద్ధ సమాధుల సంస్థ ఫోల్క్స్‌బుండ్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, సమాధి వరస నంబర్ దాకా వస్తుంది, ఉచితం. బ్రిటన్‌లో చనిపోయిన జర్మన్లలో చాలామందిని 1959 ఒప్పందం తర్వాత స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్ చేజ్ సైనిక శ్మశానానికి తరలించారు, రెండు యుద్ధాలవాళ్లూ కలిపి ఐదు వేలకు దగ్గరగా అక్కడున్నారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ చూసుకునే శ్మశానాల్లో ఉన్నవాళ్లు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. అందుకని కూలిన ఊరి శ్మశానం రిజిస్టర్‌లో పేరుండి ఇప్పుడక్కడ రాయి లేకపోతే కంగారు పడకండి, కానక్ చేజ్ చూడండి. మూడోది బెర్లిన్‌లోని పాత సైనిక సమాచార కార్యాలయం. 2019 నుంచి అది జర్మన్ జాతీయ ఆర్కైవ్‌లో కలిసిపోయింది, ఉత్తరం రాస్తే జవాబు వస్తుంది కానీ నెలలు పడుతుంది. కాబట్టి మొదటి వారంలోనే రాసి పడేయండి, మిగతా పని నడుస్తుండగా అదే వస్తుంది. ఆ మనుషుల కుటుంబాలు ఇంకా ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. ఎవరైనా మనవడో మనవరాలో దొరికితే ముందు మీకు తెలిసింది మీరు చెప్పండి, అడగడం తర్వాత.

స్థానిక కాగితాలను చిన్నచూపు చూడొద్దు. బ్రిస్టల్ ఆర్కైవ్స్, టాంటన్‌లోని సోమర్సెట్ హెరిటేజ్ సెంటర్, డార్చెస్టర్‌లోని డోర్సెట్ హిస్టరీ సెంటర్, ఈ మూడూ మీ నాలుగు చోట్లకూ సరిపోతాయి. పోలీసులు, ఏఆర్‌పీ (వైమానిక దాడుల నుంచి జనాన్ని కాపాడే విభాగం) వార్డెన్లు నిమిషాల లెక్కన రాసిన లాగ్‌లు అక్కడ దొరికే అవకాశం ఉంది. 'ఫలానా టైముకు ఫలానా పొలంలో విమానం పడింది, ముగ్గురు పారాచూట్‌లతో దిగారు' లాంటి ఒక్క వాక్యం పది పుస్తకాల పేజీల కంటే బలమైనది. ఫెయిలాండ్ విమానం విషయంలో గన్నర్ల యూనిట్ వార్ డైరీ కూడా చూడాలి, అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 166 సిరీస్. ఊరి పెద్దవాళ్లు చెప్పే కథలు కూడా రాసుకోండి. పడిన చోటు విషయంలో వాళ్ల జ్ఞాపకం సాధారణంగా గట్టిగానే ఉంటుంది. తేదీ, ఎన్ని విమానాలు అన్న సంగతుల్లో మాత్రం కాగితంతో సరిచూడాలి, ఎందుకంటే బ్రిస్టల్ మీద తర్వాత కూడా చాలా దాడులు జరిగాయి, రెండు రోజుల తర్వాత 27న పక్కనే ఉన్న యేట్ ఫ్యాక్టరీ మీదకు మెస్సర్‌ష్మిట్ 110లు వచ్చాయి. ఈ రెండు రోజులూ జ్ఞాపకాల్లో కలిసిపోవడం చాలా సహజం.

సముద్రంలో పోయినవాటికి ఓపిక కావాలి. శవం వారాల తర్వాత ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొస్తుంది, విమానం ఏళ్ల తరబడి కనిపించదు. 1940 ఆగస్టు 26న కెంట్ తీరంలో గుడ్‌విన్ సాండ్స్ ఇసుక దిబ్బల దగ్గర మునిగిన డోర్నియర్ 17 బాంబర్‌ను 2013 జూన్‌లో గానీ పైకి తీయలేదు.

మీరు తర్వాత రాత్రి దాడుల వైపు వెళ్తానన్నారు కదా, అక్కడ లెక్క పూర్తిగా మారిపోతుంది. నవంబర్ 14 రాత్రి కొవెంట్రీ మీదకు 400కు పైగా బాంబర్లు వచ్చి ఊరిని కాల్చేస్తే బ్రిటిష్ వాళ్లు కూల్చగలిగింది దాదాపు ఏమీ లేదు. చీకట్లో జర్మన్లకు శత్రువు కంటే పొగమంచు, దారి తప్పడం, అరిగిన ఇంజన్లే ఎక్కువ నష్టం చేశాయి. అదే నెల 6న కేజీఆర్ 100 అనే జర్మన్ బాంబర్ దళానికి చెందిన హైంకెల్ 6ఎన్+బీహెచ్ దారి తప్పి డోర్సెట్‌లో బ్రిడ్‌పోర్ట్ దగ్గర వెస్ట్ బే తీరంలో దిగింది. చీకట్లో బాంబర్‌కు లక్ష్యం దారి చూపే రహస్యమైన ఎక్స్-గెరేట్ రేడియో పరికరం అందులో దొరికింది. దాన్ని ఎవరి క్లెయిమ్‌లో వేస్తారు? అందుకే రాత్రి దాడులకు 'కారణం' అనే కాలమ్ అదనంగా పెట్టుకోండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది 152 స్క్వాడ్రన్ సెప్టెంబర్ నెల రికార్డ్ బుక్, ఆ రోజు కాంబాట్ రిపోర్టులు డౌన్‌లోడ్ చేసుకోవడం, బెర్లిన్‌కు ఉత్తరం రాయడం. నాలుగు హైంకెల్‌లకు నాలుగు వరసలు తెరిచి, స్టడ్‌లండ్ విమానం వరస ముందు నింపండి. అది నేలకు దిగిన విమానం కాబట్టి కోడ్, సిబ్బంది, సమయం అన్నీ మిగతావాటి కంటే స్పష్టంగా దొరుకుతాయి, చేయి తిరుగుతుంది. ఆ వరస నిండాక ఏ గడి ఏ కాగితం నుంచి తీసుకున్నారో పక్కన రాసి ఇక్కడ పెట్టండి. జర్మన్ జాబితాలోని వరసతో సరిపోతుందో లేదో నేను చూసి చెప్తాను.